స్కానర్ కొంటారు సరే, సెక్షన్ కోసేదెవరు?

"ముక్క టెస్టుకు పంపాం, వారంలో రిపోర్టు వస్తుంది" అని డాక్టరు చెప్పేస్తాడు. ఆ ముక్క ఎక్కడికి పోతుందో, వారం పాటు దాన్ని ఏం చేస్తారో అడిగేవాళ్లు తక్కువ. అది వచ్చేది మా దగ్గరికి. నేను పాథాలజిస్టుని, అంటే ఆ ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బేమిటో తేల్చే డాక్టర్ని, ఉత్తరాంధ్రలో ఓ ఆస్పత్రిలో పని చేస్తున్నాను. రోగులకు మేం కనపడం, రిపోర్టు కింద మా సంతకం ఒక్కటే కనపడుతుంది.

ఈ మధ్య మా గురించి కూడా పత్రికలు రాస్తున్నాయి. గాజు స్లైడును యంత్రం దానంతటదే ఫొటో తీస్తుందట, ఆ ఫొటో చూసి ఏఐ క్యాన్సర్ని పట్టేస్తుందట. మా యాజమాన్యం వాళ్లు ఆ వార్తలు చదివి, మనమూ ఓ స్లైడ్ స్కానర్ కొందామా అని నన్నడిగారు. కొనండి అన్నాను. అంటూనే, స్కానర్ కంటే ముందు కావలసినవాటి చిట్టా రాసిచ్చాను: కొత్త మైక్రోటోమ్ (ముక్కను పల్చటి పొరలుగా కోసే యంత్రం), సరిపడా బ్లేడ్లు, సెక్షన్లు, అంటే ఆ పొరలు, కోసే గదికి ఏసీ, ముక్కను చెడకుండా ఉంచే ఫార్మలిన్ ఘాటు బయటికి లాగేసే హుడ్, ఇంకో ఇద్దరు టెక్నీషియన్లు, ఉన్నవాళ్లకు జీతం పెంపు. "డిజిటల్ గురించి అడిగితే ఇవేంటి మేడమ్?" అన్నారు. ఆ సమావేశంలో నాకు దొరికిన కాసేపట్లో చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

స్లైడు ఎలా తయారవుతుందో తెలియకుండా స్కానర్ గురించి మాట్లాడుకుని లాభం లేదు. ఆపరేషన్ థియేటర్లో తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వెయ్యాలి. ఆలస్యమైతే కణాలు తమను తామే అరిగించుకోవడం మొదలుపెడతాయి. ఫార్మలిన్ ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండాలి. అది లోపలికి ఇంకేది గంటకు సుమారు ఒక మిల్లీమీటరు. రొమ్ము క్యాన్సర్ ముక్క అయితే 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా అందులో ఉండాలని అమెరికా నిపుణుల సంఘాలు నియమం పెట్టాయి, చాలా దేశాల్లో దాన్నే పాటిస్తారు. తర్వాత చేసే హార్మోన్ రిసెప్టర్ పరీక్షలు (హార్మోన్ మందులు పని చేస్తాయో లేదో చెప్పేవి) నమ్మేలా ఉండాలంటే అది తప్పదు. ఆ తర్వాత గ్రాసింగ్, అంటే ముక్కను కళ్లతో చూసి, కొలిచి, కావలసిన చోట్ల చిన్న చిన్న భాగాలు కోసి క్యాసెట్లలో పెట్టడం. రాత్రంతా ఆల్కహాల్‌లో నీరు పోగొట్టి, జైలీన్‌లో ఉంచి, కరిగిన మైనం పట్టించి, పొద్దున్నే మైనపు దిమ్మలుగా పోస్తారు. వాటినే బ్లాకులంటాం.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. టెక్నీషియన్ మైక్రోటోమ్ చక్రం తిప్పుతుంటే బ్లాకు బ్లేడుకు తగిలి మూడు నాలుగు మైక్రాన్ల మందంలో పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌గా వస్తాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఆ రిబ్బన్ను గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి, ముడతలు విచ్చుకున్నాక గాజు పలక మీదికి ఎత్తుకోవాలి. నీళ్లు ఎక్కువ వేడెక్కితే కణజాలం చీలికలు పడుతుంది, చల్లబడితే ముడత విచ్చుకోదు. ఫ్యాను వెయ్యడానికి వీల్లేదు, రిబ్బన్ ఎగిరిపోతుంది. మే నెలలో మా వైపు ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మైనం మెత్తబడి పొర సరిగా రాదు, కోసే మనిషి చెమట తుడుచుకోవడానికి పని ఆపుకోవాలి. చిట్టాలో ఏసీ ఎందుకు రాశానంటే అందుకు.

(సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా జాడ కనుక్కున్న రోనాల్డ్ రాస్‌దీ ఇదే బాధ. కోసిపెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని పంఖా వెయ్యనిచ్చేవాడు కాడు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయని తనే రాసుకున్నాడు.)

చివరికి రంగులు. హెమటాక్సిలిన్ కేంద్రకాలకు నీలం పట్టిస్తుంది, ఇయోసిన్ మిగతా అంతటికీ గులాబీ. హెమటాక్సిలిన్ మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో పెరిగే ఓ చెట్టు చేవ నుంచి తీసేది. క్యాన్సర్ వైద్యమంతా ఇప్పటికీ ఆ చేవ రంగు మీద నడుస్తోందని తలుచుకుంటే నాకు సరదాగా ఉంటుంది. పైన డీపీఎక్స్ అనే జిగురు చుక్క, దాని మీద కవర్ స్లిప్ అనే పల్చటి గాజు రేకు. పెద్ద కేంద్రాల్లో రంగులు వెయ్యడానికి, కవర్ స్లిప్ పెట్టడానికి యంత్రాలున్నాయి. కొయ్యడం మాత్రం అక్కడ కూడా చాలావరకు చేతి పనే.

ఇలా తయారైన గాజు పలకలను ర్యాకుల్లో పెట్టి స్కానర్‌లోకి తోస్తాం. లైకా వారి ఏపెరియో జీటీ 450 ఒకేసారి 450 స్లైడ్లు పట్టుకుంటుంది, పేరులోనే ఉంది. యంత్రం ముందుగా స్లైడు మొత్తానికి ఓ చిన్న ఫొటో తీసుకుని లేబుల్ మీది బార్‌కోడ్ చదువుతుంది. ఆ చిన్న ఫొటోలోనే కణజాలం ఎక్కడుంది, ఉత్త గాజు ఎక్కడుంది అనేది రంగు తేడాను బట్టి తేల్చుకుంటుంది. కణజాలం అనుకున్న చోట అక్కడక్కడా ఆగి, లెన్సు ఎంత ఎత్తులో ఉంటే ఫోకస్ కుదురుతుందో కొలుస్తుంది. మధ్యలో మిగిలిన చోట్లకు లెక్క కట్టుకుంటుంది. కొన్ని యంత్రాలు కదులుతూనే ఫోకస్ సరిచేసుకుంటాయి. ఆ తర్వాత చదరాలుగానో పొడవాటి పట్టీలుగానో చిత్రాలు తీసి, వాటిని అతికి ఒకే చిత్రం చేస్తుంది.

అది ఎంత పెద్ద చిత్రమో లెక్కేస్తే తెలుస్తుంది. 40ఎక్స్ స్థాయిలో ఒక పిక్సెల్ అంటే దాదాపు పావు మైక్రాన్. పొడవూ వెడల్పూ 15 మిల్లీమీటర్లున్న కణజాలానికి అడ్డంగా 60 వేలు, నిలువుగా 60 వేలు, మొత్తం 360 కోట్ల పిక్సెళ్లు. కుదించకుండా దాస్తే 10 గిగాబైట్లు దాటుతుంది, కుదించితే ఒక గిగాబైటుకు అటూ ఇటూగా వస్తుంది. మామూలు కంప్యూటరు ఇంత చిత్రాన్ని ఒక్కసారిగా తెరవలేదు. అందుకని అదే చిత్రాన్ని పెద్ద, మధ్య, చిన్న సైజుల్లో అంతస్తులుగా చేసి, ఒక్కో అంతస్తునూ చిన్న పలకలుగా విడగొట్టి దాస్తారు. ఫోన్లో మ్యాపు తెరిచి రాష్ట్రం మొత్తం నుంచి మన వీధి దాకా వెళ్తుంటే కావలసిన చోటు మాత్రమే దిగినట్టు, ఇక్కడా మనం చూసే పలకలే తెరమీదికి వస్తాయి. ఇంత ఇంజినీరింగు నిమిషం లోపే జరిగిపోతుంది. అది చూసి ముచ్చటపడని పాథాలజిస్టు ఉంటే నాకు చూపించండి.

ఇక చిక్కు సంగతి. స్కానర్లో సాధారణంగా వాడే లెన్సుకు స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఒక మైక్రానే. సెక్షను మందం మూడు నాలుగు. మైక్రోస్కోప్ ముందు కూర్చున్నప్పుడు మా చెయ్యి ఫైన్ ఫోకస్ నాబ్ వదలదు. కొంచెం పైకి, కొంచెం కిందికి తిప్పుకుంటూ లోతునంతా మనసులో కలుపుకుంటాం. మందంగా కోసిన స్లైడయినా, చిన్న ముడత ఉన్నా, రంగు ముదిరినా ఏదోలా చదివేస్తాం. అలా రోజంతా టెక్నీషియన్ లోపాలనూ, ఆ టెక్నీషియన్‌కు పాత బ్లేడు ఇచ్చినవాళ్ల లోపాలనూ మేమే సర్దేస్తూ వచ్చాం. సర్దుతున్నామన్న స్పృహ కూడా మాకు లేదు. మామూలు స్కాన్‌లో యంత్రం ఎంచుకునేది ఒక్క లోతునే, దానికి ఏది దొరికితే అదే.

కాబట్టి స్కానర్ పెట్టాక ల్యాబు చేతి పని మొత్తం బయటపడుతుంది. ముడత ఉంటే అక్కడ మందం రెండింతలు, మూడింతలు అవుతుంది, ఫోకస్ దాని మీద కుదిరితే చుట్టుపక్కల మసక. కవర్ స్లిప్ పైన దుమ్ము కణం ఉంటే యంత్రం కణజాలాన్ని వదిలేసి దుమ్మును ఫోకస్ చేసి ఊరుకోవచ్చు. లోపల గాలి బుడగ ఉంటే అదో తంటా. మేం చుక్క పెట్టిన చోట మార్కర్ సిరాను కణజాలమనుకుంటుంది. డీపీఎక్స్ ఆరకముందే ర్యాకులో పెడితే స్లైడు ఇరుక్కుని పొద్దుటికి సగం ర్యాకు స్కాన్ కాకుండా ఉంటుంది. కవర్ స్లిప్ అంచు కొంచెం బయటికి వచ్చినా అంతే. మొండి బ్లేడు గీతలు తెరమీద ఎంత స్పష్టంగా కనపడతాయంటే, బ్లేడు మార్చమన్నప్పుడల్లా "ఇంకో పది బ్లాకులు లాగొచ్చు మేడమ్, స్టోర్సులో ఇవ్వట్లేదు" అనే మా సీనియర్ టెక్నీషియన్ వాటిని ఫొటో తీసుకుని స్టోర్సుకు పట్టుకెళ్లాడు. డెమో కోసం ఓ కంపెనీవాళ్లు యంత్రం తెచ్చి పెట్టినప్పటి మాట ఇది. ఆ డెమో వల్ల మాకు వెంటనే కలిగిన లాభం ఓ డబ్బా బ్లేడ్లు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ భయం వేసేది రంగు లేతగా పట్టే కణజాలంతో. రొమ్ము నుంచి సూదితో తీసిన సన్నటి ముక్కల్లో సగం కొవ్వే ఉంటుంది. కొవ్వుకు రంగు సరిగా పట్టదు. యంత్రం ఆ చిన్న ఫొటోలో దాన్ని ఉత్త గాజు అనుకుని వదిలేయొచ్చు. మసకగా వచ్చింది మసకగా ఉందని కంటికి తెలుస్తుంది, మళ్లీ స్కాన్ చెయ్యమంటాం. స్కానే కాని ముక్క తెరమీద ఉండదు కాబట్టి దాని గురించి అనుమానమే రాదు. అందుకే స్కాన్‌తో పాటు వచ్చే ఆ చిన్న ఫొటోను పక్కన తెరిచి, ఎన్ని ముక్కలున్నాయి, ఎన్ని స్కానయ్యాయి అని లెక్క చూడకుండా రిపోర్టు రాయకూడదు. ముక్కలన్నీ వంకర లేకుండా ఒకే వరసలో, ఒకే మట్టంలో మైనంలో కూర్చోబెడితే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది. ఆ కూర్చోబెట్టేది ఎవరు? పొద్దున్న ఆరింటికి వచ్చి వేడి మైనం పోసే మనిషి.

ఈ సంగతి మాకు కొత్త కావచ్చు గానీ, స్లైడ్లు చదివే యంత్రాల చరిత్రకు కొత్త కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్లను యంత్రంతో చదివించాలని అమెరికాలో 1950లలోనే ప్రయత్నించారు. సైటోఎనలైజర్ అని పేరు. స్పాచ్యులాతో గీకి గాజు మీద రాసిన స్మియర్లో కణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, మధ్యలో చీము కణాలు, రక్తం, జిగురు. యంత్రానికి ఏది ఒంటరి కణమో, ఏది కుప్పో తెలియక అనవసరంగా గంట కొట్టేది. ఆ ప్రయత్నం మూలన పడింది. 1990లలో న్యూరల్ నెట్‌వర్కులతో పాప్‌నెట్ వచ్చింది, 1995లో అమెరికాలో మందులకు, వైద్య యంత్రాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదం కూడా పొందింది. నాలుగేళ్లకు ఆ కంపెనీ దివాళా తీసింది.

తర్వాత నిలబడింది ఏమిటి? థిన్‌ప్రెప్. అది మొదట యంత్రపు కన్నుకు సంబంధించినదే కాదు. బ్రష్‌తో తీసిన కణాలను నేరుగా గాజు మీద రాయకుండా ద్రవంలో జాడించి, జిగురూ రక్తం విడగొట్టి, ఫిల్టరు మీదుగా 20 మిల్లీమీటర్ల గుండ్రటి చోట పల్చగా పరిచే పద్ధతి. 1996లో దానికి ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. అలా కణాలు విడివిడిగా, ఒకే మట్టంలో పడ్డాక, 2003లో వాళ్ల ఇమేజింగ్ యంత్రం ఆమోదం పొందింది. అది స్లైడంతా తిరిగి అనుమానం ఉన్న 22 చోట్లను ఏరి సైటోటెక్నాలజిస్టుకు, అంటే స్మియర్లు చదివే టెక్నీషియన్‌కు, చూపిస్తుంది. నలభై, యాభై ఏళ్లు కంప్యూటరు మీద పెట్టిన బుర్రను కాసేపు గాజు మీద స్మియర్ పరిచే పని మీద పెట్టేసరికి దారి దొరికింది. రక్త పరీక్షల్లోనూ ఇంతే. స్వీడన్లోని లుండ్ నుంచి వచ్చిన సెల్లావిజన్ యంత్రాలు తెల్ల రక్తకణాలను ఏరి రకాల వారీగా పేర్చి చూపిస్తాయి. వాటి పక్కనే పల్చగా, సమంగా స్మియర్ లాగే యంత్రం, ఒకేలా రంగు వేసే యంత్రం ఉన్న చోటే అవి బాగా పని చేస్తాయి.

ఏఐ అభిమానులు ఇక్కడ అడ్డు తగులుతారని తెలుసు. "మేడమ్, 2017 దాటి వచ్చాం" అంటారు. ఆ సంవత్సరం డిసెంబరులో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన కామెలియన్16 పోటీ ఫలితాలు నేనూ చదివాను. రొమ్ము క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకిందో లేదో పట్టే పని. తొందరలో చూసిన 11 మంది పాథాలజిస్టుల కంటే మెరుగ్గా పట్టిన ప్రోగ్రాం అందులో ఉంది. నిజంగా గొప్ప పని, దాన్ని తక్కువ చెయ్యను. 2021లో ప్రోస్టేట్ ముక్కలు చూసే పేజ్ ప్రోస్టేట్‌కు ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది.

అదే 2021లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఇంకో పరిశోధన వచ్చింది, దాన్ని వార్తల్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. అమెరికాలోని టీసీజీఏ అనే పెద్ద క్యాన్సర్ స్లైడ్ల భాండాగారం మీద ప్రపంచమంతా ఏఐకి శిక్షణ ఇస్తోంది. ఆ స్లైడ్లలో ఏది ఏ ఆస్పత్రి నుంచి వచ్చిందో ప్రోగ్రాం గుర్తుపట్టేస్తోందని ఆ పరిశోధన తేల్చింది. రంగులను ఎంత సరిచేసినా గుర్తుపడుతోంది. అంటే ప్రతి ల్యాబు చేతి వాటం, ఫార్మలిన్ ఎంతసేపు, కోత ఎంత మందం, హెమటాక్సిలిన్ ఏ రోజుది అనేవన్నీ చిత్రంలో ముద్ర వేసి ఉంటాయి. జబ్బును చూస్తున్నాననుకుంటూ ప్రోగ్రాం ఆస్పత్రిని చూసి జవాబు చెప్పే ప్రమాదం ఉంది.

అలాంటప్పుడు అక్కడ శిక్షణ పొందినది మా స్లైడు మీద ఏం చెబుతుంది? మన స్లైడ్లతో మన భాండాగారాలు ఉండాలన్నది సరైన ఆలోచన. హైదరాబాద్‌లో ఆ పని మొదలైంది కూడా. నిమ్స్ నుంచి తీసుకున్న మెదడు కణితుల స్లైడ్లతో ట్రిపుల్ ఐటీ వాళ్లు ఐపీడీ-బ్రెయిన్ పేరుతో 367 మంది రోగుల 547 స్లైడ్లను పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. నాకు ఇలాంటివి ఇంకా కావాలి, నిమ్స్ స్థాయి లేని ల్యాబుల నుంచి మరీ కావాలి. పార్వతీపురంలో తీసిన ముక్క, బస్సులో వచ్చిన ముక్క, తక్కువ ఫార్మలిన్లో నలిగిన ముక్క కూడా అందులో ఉంటేనే ఆ ప్రోగ్రాం మా దగ్గర నిలబడుతుంది. ఉంటే సరిపోతుందా అంటే, సరిపోదు. నలిగిన ముక్క నుంచి ఏ ప్రోగ్రామైనా నలిగిన జవాబే ఇస్తుంది. ముక్క నలగకుండా చూడటం కంప్యూటరు సైన్సు పని కాదు.

ఇంత చెప్పాక కూడా స్కానర్ కొనమని ఎందుకన్నాను?

తెరమీద చదవడం నమ్మదగినదేనా అన్న ప్రశ్నకు జవాబు వచ్చేసింది కాబట్టి. ఫిలిప్స్ వారి వ్యవస్థకు 2017 ఏప్రిల్లో ఎఫ్‌డీఏ ఆమోదం రావడానికి ఆధారమైన అధ్యయనం 1,992 కేసుల మీద, 16 మంది పాథాలజిస్టులతో జరిగింది. మొదట ఇచ్చిన రిపోర్టుతో పెద్ద తేడా వచ్చినవి తెరమీద చూసినప్పుడు 4.9 శాతం, మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు 4.6 శాతం. దీన్ని చూపించి కంపెనీలవాళ్లు స్కానర్ గెలిచిందంటారు. నాకు అందులో రెండో అంకె ఎక్కువ ఆసక్తి కలిగించింది. అదే గాజు పలకను అదే మైక్రోస్కోప్ కింద మళ్లీ చూసినా నూటికి నాలుగైదు కేసుల్లో అభిప్రాయం మారుతోంది. మా పని ఎంత సున్నితమో బయటివాళ్లకు చెప్పుకోవడానికి దీనికి మించిన అంకె లేదు.

రెండో కారణం దూరం. మా దగ్గర క్యాన్సర్ అని తేలాక ఇంటివాళ్లు ఓ చీటీ పట్టుకుని వస్తారు: "బ్లాకులు, స్లైడ్లు ఇప్పించండి సార్." నేను ఆడమనిషినైనా ఆ కంగారులో సార్ అనే అంటారు. అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రికి పోయేవాళ్లు కొందరు, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పోయేవాళ్లు కొందరు, ముంబై టాటాకి పోయేవాళ్లు కొందరు. దూదిలో చుట్టి డబ్బాలో పెట్టిచ్చినా స్లైడ్లు పగులుతాయి. బ్లాకు పోతే మళ్లీ ముక్క తియ్యడం తప్ప గతి లేదు, కొన్నిసార్లు తియ్యడానికి ఏమీ మిగలదు కూడా. అదే స్కాన్ అయితే వాళ్లు రైలెక్కకముందే అక్కడి నిపుణుడు చూసి, "ఇది ఇక్కడికి రావలసిన కేసే" అనో "అక్కడే వైద్యం మొదలుపెట్టండి" అనో చెప్పొచ్చు. ఇమ్యునో పరీక్షలు (కణాల్లోని ప్రోటీన్లను పట్టే అదనపు పరీక్షలు) కావలిస్తే బ్లాకు ఎలాగూ వెళ్లాలి. కానీ ప్రతి కేసుకూ వెళ్లనక్కర్లేదు.

దూరం ఇంకో చోట కూడా బాధిస్తుంది. ఆపరేషన్ మధ్యలో ముక్క పంపి ఇరవై నిమిషాల్లో జవాబు అడిగే ఫ్రోజెన్ సెక్షన్‌కు పాథాలజిస్టు ఆ భవనంలోనే ఉండాలి. టొరంటోలోని యూనివర్సిటీ హెల్త్ నెట్‌వర్క్ 2006 నుంచే ఈ పనికి స్కానర్ వాడుతోంది, పాథాలజిస్టు ఓ ఆస్పత్రిలో, ఆపరేషన్ ఇంకో ఆస్పత్రిలో. మన్యంలో, వెనకబడిన జిల్లాల్లో దీనికున్న అవసరం టొరంటోలో ఎక్కడుంది? అయితే అక్కడా ఆ ముక్కను గడ్డకట్టించి కోసి రంగు వేసే టెక్నీషియన్ ఆపరేషన్ జరిగే చోటే ఉన్నాడు. చిత్రం ఎంత దూరమైనా వెళ్తుంది, కోత అక్కడే జరగాలి.

యంత్రానికి అందని పనులు కొన్ని మిగులుతాయి, వాటికోసం మైక్రోస్కోప్ ఉండనే ఉండాలి. కాంగో రెడ్ అనే రంగు వేసి, ఎమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందేమో చూడాలంటే పోలరైజర్ అనే కాంతి ఫిల్టరు తిప్పాలి, మామూలు స్కానర్లలో అది ఉండదు. సన్నటి సూదితో గడ్డలోంచి కణాలు లాగి గాజు మీద రాసే ఎఫ్ఎన్ఏసీ స్మియర్లలో కణాల గుత్తులు లోతుగా ఉంటాయి. వాటికి వేర్వేరు లోతుల్లో పలుమార్లు స్కాన్ చెయ్యాలి, ఫైలు అన్ని రెట్లు పెరుగుతుంది. టీబీ సూక్ష్మజీవులు వెతకాలంటే నూనె చుక్క వేసి 100ఎక్స్ లెన్సులో చూసినంత ధీమా నాకు తెరమీద ఇంకా రాలేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. పెద్ద స్కానర్లు కోటి రూపాయల స్థాయి యంత్రాలు. రోజుకు 200 స్లైడ్లు, స్లైడుకు గిగాబైటు చొప్పున, 300 పనిదినాలకు ఏడాదికి 60 టెరాబైట్లు. దానికో నకలు ఉండాలి. కొటేషన్‌లో స్కానర్ ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇది ఉండదు. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో ఫైలు పద్ధతి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓపెన్‌స్లైడ్, బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన క్యూపాత్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా రకాల ఫైళ్లను తెరుస్తాయి. ఎక్స్‌రే, సీటీల్లో వాడే డైకామ్ ప్రమాణం స్లైడ్లకు కూడా ఉంది. డైకామ్‌లో ఇవ్వలేని యంత్రాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దని రాసిచ్చాను. సీటీ తీయించుకుంటే సీడీ చేతికిస్తున్నాం. ముక్క ఫొటో కూడా రోగిదే, అడిగినప్పుడు ఇవ్వగలగాలి.

మళ్లీ నా చిట్టా దగ్గరికి వస్తాను. మా టెక్నీషియన్లు డీఎంఎల్‌టీనో, బీఎస్సీ ఎంఎల్‌టీనో చదివి వచ్చినవాళ్లు. ఆ చదువుల్లో సెక్షన్లు కొయ్యడం కొన్ని ప్రాక్టికల్స్‌తో సరి. చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది. చెయ్యి తిరిగేసరికి కాంట్రాక్టు జీతం చాలక రక్త పరీక్షల కంపెనీకో, గల్ఫుకో వెళ్లిపోతారు, మేం కొత్తవాళ్లతో మళ్లీ మొదలుపెడతాం. ఫార్మలిన్ నుంచి వచ్చి వాళ్లు రోజంతా పీల్చే ఫార్మాల్డిహైడ్ ఆవిరిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ఖాయంగా తేలినవాటిలో చేర్చింది. క్యాన్సర్ పట్టే యంత్రానికి కోటి పెట్టే చోట, క్యాన్సర్ తెచ్చే ఆవిరిని బయటికి లాగే హుడ్‌కు డబ్బు లేదంటే వినడానికే బాగోదు. ఈ వాక్యం నేను సమావేశంలో అన్నాను, హుడ్ వెంటనే మంజూరైంది. ఏసీ కూడా ఇచ్చారు. జీతాల మాట "వచ్చే బడ్జెట్లో" అన్నారు.

స్కానర్ వచ్చాక పాటించాలని రెండు నియమాలు కూడా అడిగాను. ఒకటి: ఏ రోజు ఎన్ని స్లైడ్లు మళ్లీ స్కాన్ చెయ్యాల్సి వచ్చింది, ముడత వల్లా, బుడగ వల్లా, మందం వల్లా అన్న లెక్క ఆ సాయంత్రమే కోసేవాళ్లకు చేరాలి, అదీ తిట్టడానికి కాకుండా బ్లేడ్లూ రంగులూ ఎప్పుడు మార్చాలో వాళ్లే నిర్ణయించుకోవడానికి. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండోది: థియేటర్ నుంచి ముక్క ఫార్మలిన్‌కు బదులు, కణాలను కాపాడలేని ఉప్పునీరు సెలైన్లో వచ్చినా, చిన్న సీసాలో కుక్కి వచ్చినా, ఏ టైముకు తీశారో రాయకుండా వచ్చినా, దాన్ని తీసుకునే టెక్నీషియన్ అక్కడికక్కడే సర్జన్‌కు ఫోన్ చేసి సరిచేయించే అధికారం ఉండాలి. సర్జన్లు దీనికి ఒప్పుకోలేదు. టెక్నీషియన్ మాకు ఫోన్ చెయ్యడమేంటి, మీరు చెయ్యండి అన్నారు. నేను గ్రాసింగ్ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క సెలైన్లో పడి మూడు గంటలై ఉంటుంది, అప్పుడు నేను చేసే ఫోన్ దేనికి? నెల తర్వాత మళ్లీ సమావేశం ఉంది. ఈసారి సెలైన్లో వచ్చిన ఓ ముక్క స్కానూ, ఫార్మలిన్లో వచ్చిన ఓ ముక్క స్కానూ పక్కపక్కనే తెరమీద పెట్టి అడుగుతాను.